రాధ, మురళి, కొంచెం మాలిబ్డినం

మా ఆడపడుచు రాధ, వాళ్లాయన మురళి... వీళ్లిద్దరి పేర్లు పోయిన నెల ఒక ఫ్యాక్టరీ వాళ్ల టెస్ట్ రిపోర్టులోకి ఎక్కాయి, తెలుసా? స్టాంపు, సంతకాలతో సహా! ఆ ఫ్యాక్టరీకీ వాళ్లకీ ఏ సంబంధమూ లేదు. ఎక్కించింది నేనే. నవ్వకండి, ముందు టీ తాగండి. ఇది మొదట్నించీ చెబితే గానీ అర్థం కాదు.

నా సంగతి మీకు తెలిసిందేగా. కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. కుక్కర్ పెట్టి మూడు విజిల్స్ వచ్చేలోపు రెండు అల్మారాలు సర్దేసి, అందులో ఒకటి మళ్లీ చెడగొడతాను. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడతాను, ముందు దిగొచ్చని. మా ఆయనైతే "ఉమా, నువ్వు నిద్రలో కూడా ఎక్కడికో బయల్దేరుతూనే ఉంటావు" అంటాడు. అలాంటిదాన్ని తీసుకెళ్లి, రోజంతా ఎదురుచూడటమే పనిగా ఉండే మెషీన్ ముందు కూర్చోబెట్టారు.

మా ల్యాబ్ మాదాపూర్‌లో, హాస్టళ్ల సందు దాటాక వచ్చే గాజు బిల్డింగ్‌లో కింది అంతస్తు. పైనంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే. బయట ల్యాబ్ అని బోర్డు చూసి పొద్దున్నే ఎవరో ఒకరు పరగడుపున షుగర్ టెస్టుకి వచ్చేస్తారు. "ఇక్కడ మనుషులకి చెయ్యమండీ, లోహాలకే" అని చెప్పి పంపిస్తుంటాం. ఒకాయన "మరి నాకు ఐరన్ తక్కువ ఉందన్నారే" అని వాదించాడు కూడా.

పని ఏమిటంటే, స్టీలు ముక్క మీద లేజర్ కొడతాం. కొబ్బరి కోరినట్టు పైపైన సన్నటి పొడి లేస్తుంది, కంటికి కూడా కనపడదు. ఆ పొడిని గ్యాస్ ఒక ట్యూబులోంచి ఊదుకుంటూ ప్లాస్మాలోకి తీసుకెళ్తుంది. ప్లాస్మా అంటే ఆర్గాన్ గ్యాస్‌తో వెలిగే మంట లాంటిది అనుకోండి, సూర్యుడి పైభాగం కంటే వేడి. పొడి అందులో పడి ఏ మూలకానికి ఆ మూలకంగా విడిపోతే, వెనకున్న డిటెక్టర్ ఇది ఇనుము, ఇది నికెల్ అని లెక్క పెడుతుంది. స్క్రీన్ మీద గీతలు లేస్తాయి. బాగానే ఉంటుంది చూడటానికి. కానీ వెలిగించాక అది నిలకడకి వచ్చేదాకా అరగంట పైగా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అదీ నా ఖర్మ.

పాప పుట్టాక మూడేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరానా, ఆర్నెల్ల ప్రొబేషన్ పెట్టారు. అది ఆఖరి వారం. మా మేనేజర్ శశిధర్ సర్ పిలిచి, "ఉమగారూ, గురువారం వచ్చే శాంపిల్ మొత్తం మీరొక్కరే చెయ్యండి. అది చూసే హెచ్ఆర్‌కి రాస్తాను" అన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ ఒక్క శాంపిల్ మీదే ఉందన్నమాట. ఆయన మంచివారే కానీ, పెన్ను మూత తీసి ఎక్కడ పెట్టాడో కూడా రాసుకునే మనిషి.

దీనికి ముందు ఆదివారం సంగతి ఒకటి చెప్పాలి. రాధా వాళ్లు ప్రగతి నగర్‌లో మా పక్క వీధిలోనే ఫ్లాట్ కొనుక్కున్నారు. గృహప్రవేశానికి స్టీలు డబ్బాల సెట్టు పెడదామని మా అత్తగారు నన్ను కూకట్‌పల్లిలో గిన్నెల షాపుకి తీసుకెళ్లారు. పెట్టే సామాను మీద పేర్లు లేకపోతే ఆవిడకి పెట్టినట్టే ఉండదు. షాపు బయట పేర్లు చెక్కే ఆయన జుయ్యిమంటూ చెక్కుతున్నాడు, ముందు పది బిందెలు వరసలో ఉన్నాయి. నేను ఇటు రెండడుగులు, అటు రెండడుగులు. పావుగంటకే నా ఓపిక అయిపోయింది.

"ఇంతసేపా అత్తయ్యా! మా ల్యాబ్‌లో లేజరే ఉంది. వజ్రం మీద కూడా రాస్తుంది" అన్నాను.

"అయితే ఇక్కడెందుకమ్మాయ్ నిలబడటం? నువ్వే రాయించుకు రా" అని ఆవిడ డబ్బాలు తీసుకుని బయల్దేరారు.

ఇక చూస్కోండి. మా లేజర్ మెషీన్ గూట్లో పట్టేది అగ్గిపెట్టెంత వస్తువు. అది రాసే అక్షరం ఆవగింజలో సగం. ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. "చూద్దాం అత్తయ్యా" అన్నాను.

గురువారం వచ్చింది. శాంపిల్ తెచ్చినాయన వెంకటేశం గారు. బాలానగర్‌లో చిన్న ఫ్యాక్టరీ, మందుల కంపెనీలకి వాల్వులు చేస్తారు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోంచి గోరంత స్టీలు బిళ్ల తీసి, రెండు చేతులతో ఇచ్చారు.

"మేడమ్, సరుకంతా ఈ స్టీలుతోనే చేసినం. నాలుగు గంటలకు కొనెటోళ్ల ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీకి వస్తడు. ఈ బిళ్ల, మీ రిపోర్టు రెండూ చేతుల పెట్టాలె. లేకుంటే సరుకు దించుకోరు" అన్నారు.

తేలాల్సింది ఒక్కటే. మంచి రకం స్టీలులో మాలిబ్డినం అనే లోహం కొంచెం కలుపుతారు. మన ఇళ్లలో గిన్నెల స్టీలులో అది ఉండదు. ఆయన బిళ్లలో ఉందా లేదా? బిళ్ల మీద లేజర్‌తో మూడు గీతలు గీసి చెప్పాలి. ఆ గీతల ఫొటో రిపోర్టులో అతికించాలి, అది మా ల్యాబ్ రూలు. ఎక్కడ గీశామో దాచకూడదు.

ఆయన్ని రిసెప్షన్‌లో కూర్చోబెట్టి లోపలికి పరిగెత్తాను. ఆర్గాన్ సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో చూసుకోవాలా వద్దా? చూసుకోలేదు! కొత్త సిలిండర్ మధ్యాహ్నం వస్తుందిలే అని ఒకటే ఆత్రంతో ప్లాస్మా వెలిగించి పారేశాను. మా టెక్నీషియన్ యాదగిరన్న, అందరికన్నా పాతవాడు, తలుపు దగ్గర్నుంచి చూస్తూ "మేడమ్, జర నిమ్మళంగ. అదేమన్న బస్సా, పోనీకి?" అన్నాడు.

మా శాంపిల్ ప్లేటులో రెండు గుంటలుంటాయి. ఎడమ గుంటలో ఎప్పుడూ మా సొంత బిళ్ల, లేజర్ సరిచూసుకోవడానికి వాడే మామూలు గిన్నెల స్టీలు. కుడి గుంటలో కస్టమర్‌ది. సరిగ్గా ప్లేటు లోపలికి తోస్తుంటే ఫోన్. అత్తగారు! భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి, "ఆఁ అత్తయ్యా, అదే పనిలో ఉన్నా" అంటూ ప్లేటు తోసేశాను.

"ఏమైందమ్మాయ్ పేర్లు? రాధ మురళి అని చాలు, ఇంటిపేరు వద్దులే" అని పెట్టేశారు.

ఇక ఎదురుచూపు మొదలైంది. ఐదు నిమిషాలు కూర్చున్నాను. లేచాను. గ్లవ్స్ డబ్బా సర్దాను. మళ్లీ కూర్చున్నాను. కాళ్లు ఊపాను. స్క్రీన్ మీద కెమెరాలో ఎడమవైపు బిళ్ల అద్దంలా మెరుస్తోంది. మా సొంత బిళ్లే కదా, దాని మీద ఏం గీసినా ఎవడు అడుగుతాడు? రాసి చూద్దాం, ఎంత చిన్నగా వస్తాయో ఫొటో తీసి అత్తగారికి పంపితే నా మాటా దక్కుతుంది అనిపించింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా!

మౌస్‌తో చుక్క చుక్క కలుపుతూ గీశాను. మన అక్షరాలన్నీ గుండ్రాలాయె, లేజర్‌కేమో తిన్నని గీతలే ఇష్టం. "ర" ఒక్కదానికే చచ్చేంత పనైంది. "ధ" పొట్ట తిప్పేసరికి నాకే ముచ్చటేసింది. పొడి ప్లాస్మాలోకి వెళ్తోందా లేదా చూద్దామని పక్కన రికార్డింగ్ కూడా ఆన్ చేశాను. ఒక్కో అక్షరానికి గీతలు పైకి లేస్తుంటే ఎంత సరదాగా ఉందో! "రాధ" అయింది. "మురళి" అయింది. "గృహప్రవేశం" కూడా రాసేద్దామని మొదలుపెట్టి, "గృ" దగ్గర వట్రసుడి తిప్పలేక వదిలేశాను. అప్పటికి మెషీన్ నిలకడకి వచ్చింది. వెంటనే మెషీన్ గూట్లోనే ఇంకో మూలనున్న ప్రామాణికపు గాజుబిళ్ల, అంటే అందులో ఏది ఎంతుందో ముందే తెలిసిన బిళ్ల మీద కొలత సరిచూశాను. సరిగ్గా ఉంది.

తర్వాత అసలు పని. బుద్ధిగా కుడివైపుకి వెళ్లి మూడు గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు. ఇనుము ఉంది. క్రోమియం ఉంది. నికెల్ ఉంది. మాలిబ్డినం? స్క్రీన్‌లో దాని గీత నేల మీద పడుకుని ఉంది. సున్నా! గాజుబిళ్ల మీద కొలత ఇంకోసారి సరిచూసుకుని మళ్లీ చూశాను. సున్నా!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలా? సర్‌కి చెప్పాలా? నేనా! నేరుగా రిసెప్షన్‌లోకి వెళ్లిపోయాను.

"వెంకటేశం గారూ, సారీ అండీ. మీ స్టీలులో మాలిబ్డినం లేదు" అన్నాను.

ఆయన చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. "లేదా? ముప్పయ్ ఏండ్ల సంది ఒక్క షాపులనే తెస్తున్న మేడమ్. నేను గసొంటి పని చేసెటోన్ని కాదు" అన్నారు. గొంతు పెంచలేదు, కోప్పడలేదు. కప్పు కింద పెట్టి, జేబులో ఖాళీ కాగితం పొట్లం తీసి మడతలు సరిచేస్తూ కూర్చున్నారు. ఆ మనిషిని చూస్తే అబద్ధమాడేవాడిలా లేరు. అయినా మెషీన్ అబద్ధమాడదు కదా అనుకుంటూ లోపలికొచ్చాను.

కూర్చోబుద్ధి కాలేదు. గదిలో మూడు చుట్లు తిరిగాను. చేతులు ఊరుకోక ఇందాకటి రికార్డింగ్ తెరిచాను, ఊరికే, రాధ గీతలెలా ఉన్నాయో చూద్దామని. చూస్తే రాధలో మాలిబ్డినం ఉంది! మురళిలో ఇంకా శుభ్రంగా ఉంది! మా గిన్నెల స్టీలు బిళ్లలో మాలిబ్డినం ఎక్కణ్ణించి వస్తుందండీ? పుట్టినప్పటి నుంచీ లేదు దానికి!

అప్పుడు గుర్తొచ్చింది. అత్తగారి ఫోన్. భుజం. చెవి. కుడి ఎడమలు మారేలా ప్లేటు తిప్పి తోశాను! ఎడమవైపున్నది వెంకటేశం గారి బిళ్ల. కుడివైపున్నది మాది. నేను బుద్ధిగా మూడు గీతలు గీసింది మా గిన్నెల స్టీలు మీద. ఆ పెద్దాయన బిళ్ల మీద ఏం గీశానంటే... రాధ మురళి గృ!

మొదట ఏం చేశానో చెబితే మీరు నన్ను వెలేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో నేను గీసిన ఆ బొమ్మని డిలీట్ కొట్టాను. చేతులు వాటంతటవే కొట్టేశాయి. యాదగిరన్న వెనకనే నిలబడి ఉన్నాడు.

"కంప్యూటర్ల తీసేస్తే ఇనుము మీదికెల్లి పోతదా మేడమ్?" అన్నాడు చాలా మామూలుగా.

పోదు. సరే, ఇప్పుడైనా అసలు బిళ్ల మీద మూడు గీతలు గీసేస్తే అయిపోతుంది కదా అని కెమెరా ఎడమవైపుకి తిప్పాను. టప్ మని చప్పుడు. ప్లాస్మా ఆరిపోయింది. ఆర్గాన్ అయిపోయింది! సిలిండర్ చూసుకోకుండా వెలిగించి పారేశానుగా. కొత్త సిలిండర్ తెచ్చే డ్రైవర్‌కి ఫోన్ చేస్తే, "కోకాపేట కాడ ఉన్న మేడమ్, బండ్లన్నీ నిలవడ్డయి. నాలుగైతదో అయిదైతదో" అన్నాడు. టైమ్ చూస్తే రెండున్నర.

బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. ప్రొబేషన్ సంగతి దేవుడెరుగు, ఆ పెద్దాయన పొట్లం మడతపెట్టిన తీరే కళ్ల ముందు తిరుగుతోంది. తప్పు చెప్పేసి ఉద్యోగం పోగొట్టుకోవడమా, నోరు మూసుకుని ఆయన సరుకు పోగొట్టడమా? నోరు మూసుకోవడం నాకున్న దుర్గుణాల్లో లేదు లెండి. శశిధర్ సర్ గదిలోకి వెళ్లి మొత్తం ఒకే ఊపిరిలో కక్కేశాను. అత్తగారు, డబ్బాలు, బిందెల వరస, డిలీట్, అన్నీ.

ఆయన పెన్ను మూత పెట్టారు. పెట్టినచోటు రాసుకోలేదు. అంత కోపం అన్నమాట.

"రికార్డింగ్ ఉందా?"

"ఉంది సర్."

"ప్రామాణికపు బిళ్ల ఎప్పుడు చూశారు?"

"పేర్లు అవగానే సర్. మళ్లీ మూడు గీతల తర్వాత కూడా. రెండూ కుదిరాయి."

ఆయన లేచి వచ్చి నా స్క్రీన్ ముందు కూర్చున్నారు. నేను ఒంటికాలు మీద నిలబడి కాలు మార్చుకుంటున్నాను. "కదలకండి" అన్నారు వెనక్కి చూడకుండానే. తర్వాత ఏం మాట్లాడుకున్నామో యథాతథంగా చెబుతాను, నమ్మండి.

"రాధలో నిలకడ లేదు" అన్నారు సర్.

"అవును సర్. రాధ టైమ్‌కి మెషీన్ ఇంకా వేడెక్కుతోంది సర్."

"మురళి బాగున్నాడు."

"మురళి చాలా నిలకడ సర్. ము నుంచి ళి దాకా ఒకేలా ఉన్నాడు."

"రాధని వదిలేసి మురళి ఒక్కణ్ణే తీసుకుంటే?"

"పర్లేదు సర్."

"గృ?"

"సగంలో ఆపేశాను సర్. దాని మీద ఆధారపడలేం."

తలుపు దగ్గర యాదగిరన్న నోటికి టవల్ అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఒట్టు!

లెక్క వేశాం. మాలిబ్డినం ఉండాల్సినంత ఉంది, అణువంత తేడా లేకుండా మంచి రకం స్టీలు. పైగా మూడు గీతల్లో మా బిళ్ల తన సర్టిఫికెట్‌లో ఉన్నట్టే వచ్చింది కాబట్టి మెషీన్ సరిగ్గా ఉందని రుజువు కూడా దొరికింది. సర్ నిట్టూర్చి, "తప్పు ముక్క మీద మాత్రం పని చాలా కరెక్టుగా చేశారు" అన్నారు. అది పొగడ్తో తిట్టో ఈనాటికీ నాకు తెలీదు.

ఇద్దరం రిసెప్షన్‌కి వెళ్లాం. నేనే చెప్పాను. "వెంకటేశం గారూ, తప్పు మీ స్టీలుది కాదు, నాది. మీది అసలు సిసలు మంచి రకం. ఇందాక చెప్పింది వేరే ముక్క సంగతి. క్షమించండి" అని, ఫొటో చేతికిచ్చాను. రూలు రూలే కదా, ఎక్కడ గీశామో ఆ ఫొటో రిపోర్టులో ఉండాల్సిందే. అద్దంలా మెరిసే స్టీలు మీద, ఎంతో పెద్దవి చేసి చూపిస్తే, నా చేతిరాత: రాధ మురళి గృ.

ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. నన్ను చూశారు. మళ్లీ చదివారు. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే ఆయన భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నారేమో అని హడలిపోయాను. నవ్వు! కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"నా పానం తీసి మళ్ల పోసినవ్ బిడ్డా" అన్నారు. "ఇంతకు ఎవలు వీళ్లు?"

"మా ఆడపడుచు, వాళ్లాయన అండీ."

"సల్లగుండాలె" అని బిళ్లని మళ్లీ పొట్లంలో పెట్టుకుని, రిపోర్టు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. అందులో పట్టికలో ఒకటో గీత: రాధ, తీసుకోలేదు. రెండో గీత: మురళి, తీసుకున్నాం. మూడో గీత: గృ, అసంపూర్తి. కింద శశిధర్ సర్ సంతకం. ఆయన అంత నెమ్మదిగా సంతకం పెట్టడం నేనెప్పుడూ చూళ్లేదు.

ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. హెచ్ఆర్ నుంచి ఏ మెయిల్ వచ్చినా చెమటలే. సోమవారం సర్ పిలిచారు. ఇక సామాను సర్దుకోమంటారని సంచీ కూడా తెచ్చుకున్నాను. ఆయన మానిటర్ నా వైపు తిప్పారు. వెంకటేశం గారి కొనుగోలుదారుల నుంచి వచ్చిన మెయిల్. రిపోర్టు చూశాం, తృప్తిగా ఉంది, ఇకపై ప్రతి లాటులోంచి ఒక బిళ్ల మీ దగ్గరికే పంపిస్తాం అని ఉంది. కింద ఇంకో వాక్యం. ఫలితాలు పోల్చుకోవడానికి వీలుగా ప్రతిసారీ మొదటి రిపోర్టులో ఉన్న పద్ధతిలోనే, అదే ఆకారంలో గీయవలెను.

"అదే ఆకారం అంటే సర్..." అన్నాను.

"అదే. రాధ మురళి గృ."

"గృ కూడానా సర్?"

"రిపోర్టులో ఉందిగా."

"మూడు తిన్నని గీతలకి మార్చుకుందామని రాద్దాం సర్!"

"రాశాను. కొత్త పద్ధతి ఒప్పుకోవడానికి వాళ్ల కమిటీ కూర్చోవాలట" అని సర్ కణతలు నొక్కుకున్నారు. "ఆ బొమ్మ ఫైల్ డిలీట్ చేసింది మీరేగా? మళ్లీ గీయమని మొన్నట్నించీ అందరితో ప్రయత్నం చేయిస్తున్నాను. యాదగిరి రాసిన ధ జిలేబీలా వచ్చింది. నేను రాసిన ళి ఎవరూ చదవలేకపోయారు. అందుకే హెచ్ఆర్‌కి రాసేశాను. మీరు కన్ఫర్మ్ అయ్యారు."

అదండీ సంగతి. నేను పర్మనెంట్ అయ్యానని మా ఆయన అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాడు, మా ఆవిడ కెమిస్ట్రీలో గోల్డ్ మెడలిస్ట్ కదా అని. నేనేమీ అనట్లేదు. గోల్డ్ మెడల్ కాదు నాయనా, నన్ను నిలబెట్టింది నా చేతిరాత! అదీ, సగంలో వదిలేసిన ఒక "గృ"!